సెమికోలన్‌కి రెండు దెబ్బలు

తలుపు మీద ఎర్రబల్బు వెలిగింది, అంటే లోపల మొదలుపెట్టారు, ఇక నేను ఇక్కడే, ఈ పొడుగాటి చెక్క బెంచీ మీద, ఒళ్లో ఇరవై వాక్యాల కాగితంతో, చేతిలో మొన అరిగిన పెన్సిలుతో. బల్బు వెలిగినంతసేపూ తలుపు తట్టరాదు, గట్టిగా మాట్లాడరాదు, అని గోడకు కాగితం అంటించారు, వినికిడి పరీక్ష జరుగుచున్నది అని పెద్ద అక్షరాలు, చివర చుక్క లేదు, నా వేలు దానంతట అదే చుక్క కోసం వెతికింది, ఏడాదిన్నరగా ఇదే తెగులు, బస్సు మీద రాసింది చదివినా, మందుసీసా మీద రాసింది చదివినా, ముందు తప్పు కనిపించి ఆ తర్వాతే మాట కనిపిస్తుంది. ఇందాక నేను కూడా వాళ్లతో లోపలికి వెళ్లాలని లేచాను. పరీక్ష చేసే ఆవిడ అడ్డంగా చెయ్యి పెట్టింది. "మీరొద్దమ్మా. తల్లి ఎదురుగా ఉంటే పిల్లలు చెవితో వినరు, తల్లి మొహంతో వింటారు. పెద్దావిడ వస్తే చాలు." పెద్దావిడంటే మా అత్తయ్య, నా కూతురు ఉడతను చంకనేసుకుని నావైపు చూడకుండా లోపలికి నడిచింది, ఉడత మాత్రం అత్తయ్య భుజం మీదుగా నన్నే చూసింది, తలుపు మూసుకునేదాకా చూసింది, లోపలివైపు దిండులా మెత్త కుట్టిన తలుపు, మూసుకుంటే చప్పుడు కూడా కాలేదు. ఒక గంట పడుతుందన్నారు. గంటలో తెలిసిపోతుంది నా కూతురికి వినబడుతుందో లేదో.

వినబడుతుంది. ఎందుకు వినబడదు, నాకు తెలుసు కదా, నా దగ్గర రుజువుంది. ఇంకో రెండు నెలల్లో మూడేళ్లు నిండుతాయి, ఒక్క మాట రాలేదు, ఒక్కటంటే ఒక్కటి, నిజమే, కొందరికి ఆలస్యంగా వస్తాయి, మా ఆయనకు నాలుగేళ్లకు వచ్చాయట, వచ్చాక కూడా ఆయన పెద్దగా వాడింది లేదు. కిటికీ ఊచలెక్కుతుంది, అలమర ఎక్కుతుంది, లిఫ్టులు బాగుచేసే వాళ్ల నాన్న భుజమెక్కి పనిముట్ల సంచి లాగుతుంది, అందుకే ఉడత అని పేరు పెట్టింది అత్తయ్య, కాగితాల్లో వేరే పేరుంది గాని ఇంట్లో ఎవరికీ గుర్తులేదు. పిలిస్తే రాదు. రాదంటే, వెళ్లి ముందు నిలబడితే వస్తుంది. ఏ పిల్లలు మాత్రం పిలవగానే వస్తారు. "చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టు" అని అత్తయ్య రోజుకు నాలుగుసార్లు మా ఆయన్ను అనేది, ఈ మధ్య ఆ సామెత మా ఇంట్లో వినిపించడం మానేసింది, ఎవరూ వద్దనలేదు, దానంతట అదే పోయింది.

మూడో వాక్యం. కాగితం మీద కళ్లు పెట్టు, రేపు పరీక్ష నీకు, అది వేరే పరీక్ష. మూడో వాక్యం తెలుగులో చెప్పుకుంటే ఇలా ఉంటుంది, పంపు బాగుచేశారు హౌఎవర్ రెండో అంతస్తుకు నీళ్లు ఎక్కలేదు. ఒక్క గుర్తు లేదు మధ్యలో, కావాలనే తీసేశారు, పెట్టాల్సింది నేను. మాస్టారు రాసిచ్చారు ఇవి, ప్రెస్సులో ముప్పై ఏళ్లుగా ప్రూఫులు చూస్తున్న మాస్టారు, ఆయన ఎదురుగా కూర్చుని అసలు ప్రతి పైకి చదివేదాన్ని నేను, నేను చదువుతుంటే ఆయన అచ్చయిన కాగితంతో సరిచూసుకుని తప్పుల దగ్గర ఎర్రగీత గీస్తారు. ఆయన కళ్లు అలిసిపోయాయి, ఈ నెలాఖరుకు మానేస్తున్నారు, "ఆ కుర్చీ నీదే అమ్మాయ్, రేపు మేనేజరు పెట్టే వాక్యాల్లో గట్టెక్కితే" అన్నారు. నేను తొమ్మిదో తరగతి మధ్యలో మానేసినదాన్ని, అమ్మ మంచానపడితే ఇంటికి పెద్దపిల్లనని ఇంగ్లీషు వాచకం సగంలో పుట మడిచి పెట్టాను, ఆ మడత ఇంకా విప్పలేదు. ఇంగ్లీషు చదవగలను గాని నాకు అర్థమయ్యేది అందులో సగం, చదివేదానికి అర్థంతో పనిలేదు, అక్షరం తప్పిపోకుండా చదివితే చాలు, కాని గుర్తులు పెట్టేదానికి అర్థం కావాలి. ఆ సంగతే మాస్టారితో అన్నాను. ఆయన నవ్వారు. "అర్థం తర్వాత. ముందు ఇళ్లు లెక్కపెట్టు. పంపు బాగుచేశారు, ఒక ఇల్లు. నీళ్లు ఎక్కలేదు, ఇంకో ఇల్లు. మధ్యలో ఈ హౌఎవర్ గాడు నిలబడ్డాడు. నువ్వేం చేశావు, కామా పెట్టావు. కామా అంటే గుడ్డతెర. రెండు కాపురాల మధ్య గుడ్డతెర కడితే ఏమవుతుంది?"

"కొట్టుకుంటారు మాస్టారూ."

"మరి. గోడ కట్టు. గోడంటే సెమికోలన్. గోడ కట్టి, వీణ్ని అవతలి ఇంటి గుమ్మంలో నిలబెట్టి, ఊపిరి తీసుకోవడానికి వాడి పక్కన ఒక కామా పెట్టు. అదే వీడు ఒకే ఇంటి నడిమి గదిలో కూర్చున్నాడనుకో, అక్కడ గోడ కడితే ఇల్లు రెండు ముక్కలవుతుంది. అప్పుడు అటో కామా, ఇటో కామా, అంతే."

"వీడు గుమ్మంలో ఉన్నాడో నడిమి గదిలో ఉన్నాడో నాకెలా తెలుస్తుంది?"

"వీణ్ని బయటకు పంపేసి చదివి చూడు. అటుదీ ఇటుదీ ఎవరి కాళ్లమీద వాళ్లు నిలబడితే రెండిళ్లు. ఒకటి కుంటితే ఒకే ఇల్లు." దేర్‌ఫోర్ కూడా అంతే, నెవర్‌దిలెస్ కూడా అంతే, మోర్ఓవర్ కూడా అంతే, అందరూ ఒకే వంశం, అందరికీ గోడ కావాలి, తర్వాత ఊపిరి కావాలి. మనకు ఈ బాధలేదు, అయితే అంటాం, అందుకని అంటాం, గోడాలేదు గుమ్మంలేదు, మాట మీద మాట వేసుకుంటూ పోతాం, అవతలివాళ్లు ఎక్కడో చోట అందుకుంటారు. అందుకోనివాళ్ల సంగతి ఎవరూ ఆలోచించలేదు. మూడో వాక్యం, గోడ కట్టాను, రెండు దెబ్బలు. కామా పెట్టాను, ఒక దెబ్బ. చూపుడువేలి గోరుతో బెంచీ మీద కొట్టాను, అది అలవాటు, గుర్తు పెడితే దెబ్బ పడాల్సిందే.

ఆ అలవాటు ప్రెస్సుది. మా బల్ల మెషిన్ గది పక్కనే ఉంటుంది, మెషిన్ తిరుగుతుంటే నా గొంతు మాస్టారికి సగమే చేరుతుంది, మొదటిరోజు కామా కామా అని అరిచి అరిచి సాయంత్రానికి గొంతు పోయింది. "గొంతు చించుకోకు, బల్లను కొట్టు" అన్నారాయన, "కామాకి ఒకటి, సెమికోలన్‌కి రెండు, ఫుల్‌స్టాప్‌కి అరచెయ్యి. నా చెవి వినకపోయినా నా మోచెయ్యి వింటుంది." అప్పటినుంచి మాటలు నోటితో, గుర్తులు వేలితో. మాటల్లో కూడా ఒడిదుడుకులు ఉండకూడదు, కోపంగానో ముద్దుగానో చదివితే వినేవాడి ధ్యాస అర్థం మీదకు పోతుంది, తప్పు జారిపోతుంది, అందుకని ఇస్త్రీ చేసినట్టు చదవాలి, ఒక్క ముడత లేకుండా. ఆ గొంతే ఇంటికి తెచ్చుకున్నాను. రాత కాగితాలు ఇంటికి తెచ్చి అమ్మ ఇచ్చిన చెక్కపెట్టె మీద పరిచి సాధన చేస్తాను, ఉడత ఆ పెట్టె మీదెక్కి కూర్చుంటుంది, లేకపోతే నా వీపుకు వీపు ఆనించి కూర్చుంటుంది, నేను ఇస్త్రీ గొంతుతో చదువుతుంటాను, గోరుతో కొడుతుంటాను. అత్తయ్య ఒకసారి అంది, "తల్లులు బిడ్డలకు మాటలు నేర్పుతారు. నువ్వు దానికి కామాలు నేర్పుతున్నావు." అందరం నవ్వాం. తర్వాత ఆ మాట కడుపులో ఎక్కడో ముల్లులా ఉండిపోయింది, నిజమేనేమో, నేను దానితో ముద్దుగా మాట్లాడింది ఎంత, ప్రెస్సు మాటలు చదివింది ఎంత, నా గొంతులో ముడతలు లేవు కాబట్టి పట్టుకోవడానికి దానికి ఏమీ దొరకలేదేమో. అలా అనుకుంటే ఒకరకంగా నయం. తప్పు నా గొంతుదైతే నేను దిద్దుకోగలను. తప్పు దాని చెవిదైతే.

నాలుగో వాక్యం. మేనేజరు హౌఎవర్ ఆ విషయం మరిచిపోయాడు. వీడు నడిమి గదిలోవాడు, అటో కామా ఇటో కామా. ఒక దెబ్బ, ఒక దెబ్బ. బల్బు వెలుగుతూనే ఉంది. లోపల ఏం చేస్తున్నారో, ఇంతకుముందు ఆవిడ చూపించింది, రంగురంగుల చెక్కముక్కలు, ఒక డబ్బా, చప్పుడు వినబడినప్పుడల్లా ఒక ముక్క డబ్బాలో వెయ్యాలి, ఆటలాగే. ఉడత డబ్బాలో వేయదు, డబ్బానే నెత్తిన పెట్టుకుంటుంది, అది చూసి వినబడలేదు అని రాసుకుంటారేమో, చెప్పి ఉండాల్సింది, దానికి తెలిసిన జవాబు వేరు అని చెప్పి ఉండాల్సింది, వేలితో కొట్టి చూడండి, అది తిరిగి కొడుతుంది. అదే నా రుజువు. ఎనిమిది నెలల క్రితం మాట. అత్తయ్య చేతిలోంచి పెద్ద స్టీలు పళ్లెం జారి గచ్చు మీద పడింది, నేను పక్కగదిలోంచి పరుగెత్తుకొచ్చాను, కిందింటివాళ్లు పైకి కేకేశారు, ఉడత గుమ్మం దగ్గర వీపు ఇటు పెట్టి కూర్చుని మా ఆయన చెప్పు పట్టీ పీకుతోంది, తల తిప్పలేదు. అత్తయ్య మొహం పాలిపోయింది. "ఈ చప్పుడుకి పోయినవాడు కూడా లేచి కూర్చుంటాడే, ఇది కన్నార్పలేదు. రేపే ఆసుపత్రికి తీసుకుపోదాం." నేను ఊరుకోలేదు. నా బిడ్డకు అవిటితనం అంటగడతారా అన్నాను, మీకు మనవడు కాకుండా మనవరాలు పుట్టిందని మొదటినుంచీ ఉంది అన్నాను, ఆ మాట అబద్ధమని అంటున్నప్పుడే తెలుసు, ఆవిడ ఉడతను నేలమీద పెట్టి ఎరగదు. అప్పుడు ఏడుస్తూనే పెట్టె దగ్గర కూర్చుని కాగితాలు తీశాను, ఉడత వచ్చి నా వీపుకు ఆనుకుని అటు తిరిగి కూర్చుంది, ఒక కామా వచ్చింది, కొట్టాను, వెనకనుంచి తిరిగి ఒక దెబ్బ వినిపించింది. సెమికోలన్ దగ్గర రెండు కొట్టాను. రెండు దెబ్బలు. వెనక్కి తిరిగి చూశాను, అటే చూస్తూ తన చిన్నవేలితో పెట్టె మీద కొడుతోంది, నా చెయ్యి దానికి కనబడదు, మొహం కనబడదు. మా ఆయన్ను పిలిచాను. ఆయన కూర్చుని మూడు కొట్టారు, అది మూడు కొట్టింది, మళ్లీ అటు తిరిగే. ఆయన నవ్వి, "చూశావా అమ్మా, వెనకనుంచి కొడితే లెక్కపెట్టి మరీ చెప్తోంది. దీనికి వినబడకపోవడమేంటి, ఇది లెక్కల టీచరవుతుంది" అన్నారు. అత్తయ్య పళ్లెం తీసి కడిగి బోర్లించింది. ఎనిమిది నెలలపాటు ఎప్పుడు ఆ ఊసెత్తినా నేను వేలితో పెట్టె కొట్టేదాన్ని, ఉడత తిరిగి కొట్టేది, ఆవిడ నోరు మూతపడేది. చివరికి మూడేళ్లు దగ్గరపడుతుంటే, వినబడుతుందని కాగితం మీద రాయించుకుందామనే ఈ పరీక్షకు ఒప్పుకున్నాను.

ఐదో వాక్యం. వాన పడలేదు దేర్‌ఫోర్ పని ఆగలేదు. రెండిళ్లు, గోడ, ఊపిరి. రెండు దెబ్బలు, ఒక దెబ్బ. బెంచీ చివర ఒక ముసలాయన కూర్చున్నాడు, పక్కన ఆయన కూతురు, ఆమె ఒళ్లో పిల్లల పలక ఉంది, ఆమె ఏం చెప్పాలన్నా పలక మీద రాసి చూపిస్తోంది, ఆయన మాత్రం నోటితోనే జవాబిస్తున్నాడు, గొంతు ఎక్కువ తక్కువ తెలియక ఒకసారి గొణుగుతాడు, ఒకసారి కేకేస్తాడు. బల్బు వెలుగుతోంది నాన్నా మెల్లగా అని ఆమె రాసింది. ఆయన ఆ బల్బును చూసి తల ఊపాడు. తర్వాత నావైపు తిరిగాడు. "ఏం పాపా, ఏంటా కొట్టుడు? రెండు కొడతావు, ఆగుతావు, ఒకటి కొడతావు. మళ్లీ రెండు. తాళమా?"

సిగ్గేసింది. "క్షమించండి, అలవాటు" అన్నాను, అని ఆయన కూతురివైపు చూశాను, ఈయనకు వినబడుతుందే మరి, ఎందుకొచ్చారు.

ఆమె నవ్వింది. "నాన్నకి పిడుగు పడినా వినబడదండీ, ఆరేళ్లయింది. చెవి మెషిన్ చెడిపోతే మార్పించడానికొచ్చాం." పలక మీద ఏదో రాసి ఆయనకు చూపించింది, నీకు వినబడిందా అని అడుగుతోందట ఆ అమ్మాయి. ముసలాయన చదువుకుని పళ్లులేని నోటితో నవ్వాడు. "వినబడటమా, వల్లకాడా. చెవులు ఎప్పుడో పోయాయి. కూర్చునే చోటు మాత్రం ఇంకా పనిచేస్తోంది. బెంచీలోంచి వచ్చింది పాపా, ఇక్కడికి" అని అరచేతిని తన పక్కనున్న చెక్క మీద పెట్టి చూపించాడు.

నేను కూడా నవ్వాను. నవ్వుతూనే ఉన్నాను, నవ్వు మొహం మీదే ఉండిపోయింది, లోపల ఏదో మెట్టు తప్పినట్టు జారింది. బెంచీలోంచి. చెక్కలోంచి. పెట్టె చెక్కది. ఉడత పెట్టె మీద కూర్చుంటుంది, లేకపోతే పెట్టెకు చెయ్యి ఆనించి కూర్చుంటుంది, లేకపోతే నా వీపుకు వీపు ఆనిస్తుంది, నా చెయ్యి కదిలితే నా వీపు కదలదా. నా చెవి వినకపోయినా నా మోచెయ్యి వింటుంది. ఇది నాకు ఎవరో కొత్తగా చెప్పాలా, ఏడాదిన్నరగా ఇదే నా పని, ఇది తెలిసే నేను రోజూ బల్ల కొడుతున్నాను, లోకంలో ఎవరికి తెలియకపోయినా నాకు తెలియాలి. ఒకరోజు రాత్రి చాప మీద పడుకుని గోడ మీద కొట్టాను, అది పలకలేదు, నిద్రమత్తు అనుకున్నాను. ఒకరోజు చేతిలో గ్లాసు పట్టుకుని గోరుతో టకటకలాడించాను, అది పలకలేదు, ఆటలో ఉందనుకున్నాను. పలకని ప్రతిసారీ ఒక సాకు చెప్పుకున్నాను, పలికిన ప్రతిసారీ రుజువని దాచుకున్నాను. తప్పులు పట్టడమే పనిగా పెట్టుకున్నదాన్ని. మాస్టారు ఎప్పుడూ అంటారు, నీకు కావలసినట్టు చదవకు, ఉన్నట్టు చదువు. ఎనిమిది నెలలు నాకు కావలసినట్టు చదివాను. రెండిళ్లు, అమ్మాయ్. తిరిగి కొడుతోంది, ఒక ఇల్లు. వినబడుతోంది, ఇంకో ఇల్లు. వాటి మధ్య ఏమీ కట్టకుండా ఒకదాన్ని తీసుకెళ్లి ఇంకోదాంట్లో తోసేశాను, ఎవరు తలుపు తట్టినా తియ్యలేదు.

ఆరో వాక్యం చదువుతున్నాను, అక్షరాలున్నాయి గాని మాటలు లేవు, మొదటి నెలల్లో ఇంగ్లీషు ఇలాగే ఉండేది, ఉడతకు మా మొహాలు ఇలాగే ఉంటాయేమో, నోళ్లు తెరుచుకుంటాయి మూసుకుంటాయి, ఏమీ రాదు, అయినా ఓపికగా చూస్తుంది, ఇప్పుడొస్తుంది అర్థం, ఇప్పుడొస్తుంది అన్నట్టు. ఇస్త్రీ గొంతని నేను ఏడ్చాను గాని దానికి ముడతలున్నా లేకపోయినా ఒకటే. ఎనిమిది నెలలు తక్కువేం కాదు, ఈ వయసులో ఎనిమిది నెలలంటే ఎన్ని మాటలు, పక్కింటి పిల్లవాడు దానికన్నా చిన్న, వాళ్లమ్మతో పోట్లాడుతున్నాడు. పెన్సిలు కింద పడింది, దొర్లుకుంటూ ముసలాయన కాలి దగ్గరికి వెళ్లింది, ఆయన వంగి తీసి ఇచ్చాడు, ఏదో అన్నాడు, ఈసారి నాకే వినబడలేదు.

బల్బు ఆరిపోయింది.

తలుపు చప్పుడు లేకుండా తెరుచుకుంది, ముందు ఉడత వచ్చింది, చేతిలో పసుపు చెక్కముక్క, ఎవరికీ ఇవ్వనని గట్టిగా పట్టుకుంది, తర్వాత అత్తయ్య, చీరకొంగు నోటికి అడ్డం పెట్టుకుని, అక్కడే తెలిసిపోయింది నాకు. పరీక్ష చేసే ఆవిడ అట్టకు బిగించిన కాగితంతో వచ్చి నా పక్కన కూర్చుంది. మెల్లగా చెప్పింది, రెండు చెవులూ తక్కువేనమ్మా, బాగా పెద్ద చప్పుళ్లు మాత్రం కొంచెం అందుతున్నాయి, మంగళవారం ఇంకో పరీక్ష చేస్తాం, రెండు చెవులకీ మెషిన్లు, రోజూ మాటల సాధన, దారి లేకపోలేదు. "అయితే" అంది, అని ఆగింది, నేను ఆ ఆగినచోట కూర్చుని ఉన్నాను, "ఎంత తొందరగా మొదలుపెడితే అంత మంచిది. ఈ గడి నింపాలి. వినబడటం లేదని ఇంట్లో మొదటిసారి అనుమానం ఎప్పుడొచ్చింది?"

నేను నోరు తెరిచేలోపే అత్తయ్య అంది. "ఈ నెలలోనేనమ్మా. ఈమధ్యే. అంతకుముందు మాకెవరికీ తోచలేదు." అంటూ నా భుజం మీద చెయ్యి వేసింది, పళ్లెం కడిగి బోర్లించిన చెయ్యి, ఎనిమిది నెలలు మూతపడిన నోరు ఇప్పుడు నాకోసం తెరుచుకుంది, ఎన్ని మాటలనవచ్చు ఆవిడ, అన్నీ హక్కున్న మాటలే. పరీక్ష చేసే ఆవిడ రాసుకుంటోంది, ఈ నెల అని రాసింది, నీలం పెన్నుతో, పక్కన చుక్క కూడా పెట్టింది.

"అది తప్పు" అన్నాను. నాకు ప్రెస్సు గొంతే వచ్చింది, ముడత లేకుండా. "ఎనిమిది నెలలైంది. మా అత్తయ్యకు తెలిసింది. తీసుకొద్దామంది. నేనే వద్దన్నాను. అది కొట్టేసి ఇది రాయండి."

"ఇప్పుడవన్నీ ఎందుకే" అంది అత్తయ్య.

"రాయనీండి అత్తయ్యా."

పరీక్ష చేసే ఆవిడ ఈ నెల మీద గీత గీసి పైన రాసింది. అత్తయ్య చెయ్యి నా భుజం మీంచి తియ్యలేదు, కాస్త బరువు పెరిగింది అంతే. ఉడత బెంచీ దగ్గరకు వచ్చి పసుపు ముక్కను పక్కన పెట్టి, అరచేతిని చెక్క మీద పరిచి, నావైపు చూసింది. కొట్టమని. రోజూ కొడతావుగా అని. ఆ చేతిని చూస్తూ కూర్చున్నాను, ఐదు వేళ్లూ విప్పి, గోళ్లలో మట్టి, చెక్కను వింటున్న చెయ్యి. కొట్టలేదు. ఆ చేతిని తీసి నా గొంతుమీద, గుంట దగ్గర, పెట్టుకున్నాను, కాగితం ఒళ్లోంచి జారిపోయింది, "ఉడతా" అన్నాను, ఇస్త్రీ లేకుండా, ముడతలతో, మళ్లీ "ఉడతా" అన్నాను. దాని కళ్లు పెద్దవయ్యాయి. వేళ్లు కదలకుండా ఉంచింది, చాలాసేపు, నా మాట ఇంకా ఉందేమో అని ఎదురుచూస్తున్నట్టు. తర్వాత చూపుడువేలు మాత్రం ఎత్తి, నా గొంతుమీద ఒక్క దెబ్బ కొట్టింది.